రష్యన్ రాకుండా రష్యన్ సాహిత్యం చదవడం ఎలా

రష్యన్ అక్షరం ముక్క రాకపోయినా విశ్వవిద్యాలయంలో టాల్‌స్టాయ్, దొస్తోయెవ్‌స్కీ, చెహోవ్‌లను చదివి మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. ఇదేమీ దొడ్డిదారి కాదు. రష్యన్ నవలాకారుడు నబొకోవ్ అంతటివాడు 1948 నుంచి పదేళ్లపాటు కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ అనువాదాలు పట్టుకుని కూర్చున్న పిల్లలకు కూడా పాఠాలు చెప్పాడు. అయితే ఈ చదువులో తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. భాష రాకపోవడం కన్నా, భాష రాదన్న సంగతి మరిచిపోయి రాయడమే ఎక్కువ మార్కులు పోగొడుతుంది. కోర్సు ఎంచుకోవడం దగ్గర నుంచి థీసిస్ అంశం వరకు ఆ చోట్లు ఏవో, ఎలా దాటాలో వరసగా చూద్దాం.

కోర్సు పేరు చూసి చేరిపోవద్దు

"రష్యన్ స్టడీస్" అన్న ఒకే పేరు కింద రెండు వేరువేరు చదువులు నడుస్తుంటాయి. ఒకటి భాషా డిగ్రీ. మొదటి సెమిస్టర్ నుంచే వ్యాకరణం, సంభాషణ తప్పనిసరి. సాహిత్యం తర్వాత మూలభాషలో వస్తుంది. ఢిల్లీ జేఎన్‌యూలోని రష్యన్ అధ్యయన కేంద్రం, హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) లోని రష్యన్ శాఖ ప్రధానంగా ఈ కోవకు చెందినవి. వీటిలో చేరి "నాకు నవలలు చాలు, వ్యాకరణం వద్దు" అంటే కుదరదు.

రెండోది "అనువాదంలో సాహిత్యం" అనే పద్ధతి. అమెరికాలో స్లావిక్ శాఖ (రష్యన్, పోలిష్ లాంటి భాషల శాఖ) ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కోర్సులు మామూలే. కంప్యూటర్ సైన్సో, బయాలజీయో చదువుతూ హ్యుమానిటీస్ క్రెడిట్ల కోసం వెతికే మన పిల్లలు వీటిని నిశ్చింతగా తీసుకోవచ్చు. లండన్‌లో 1915లో కింగ్స్ కాలేజీలో మొదలై ఇప్పుడు యూనివర్సిటీ కాలేజీ కింద ఉన్న స్లావిక్, తూర్పు యూరప్ అధ్యయన సంస్థ లాంటి చోట చరిత్ర, రాజకీయాలు, సంస్కృతి అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి కాబట్టి, భాష లేకుండా తీసుకోదగ్గ పేపర్లు ఏవో విడిగా అడిగి తెలుసుకోవాలి. మన దేశంలో ఈ పనికి అనువైనవి తులనాత్మక సాహిత్య శాఖలు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఒకటి ఉంది, కోల్‌కతా జాదవ్‌పూర్‌లో 1956 నుంచీ ఉంది. ఇంగ్లిష్ ఎంఏలో యూరోపియన్ సాహిత్యం పేపరు ఉన్నా అందులో ఒకటో రెండో రష్యన్ నవలలు తగులుతాయి.

దరఖాస్తు పెట్టేముందు శాఖకు ఒక మెయిల్ రాసి మూడు సంగతులు అడగండి. డిగ్రీ పూర్తి కావడానికి భాషా క్రెడిట్లు తప్పనిసరా? చివరి సంవత్సరం ప్రాజెక్టు అనువాదాల ఆధారంగా రాయనిస్తారా? పాఠానికి ఏ అనువాదం వాడతారు? మొదటి ప్రశ్నకు జవాబు ప్రవేశ ప్రకటనలో దొరకదు, డిగ్రీ నిబంధనల్లో ఉంటుంది. చేరేటప్పుడు భాష అడగకపోయినా రెండో ఏడాదిలో అది తప్పనిసరి కావచ్చు. అప్పటికి ఫీజు కట్టేసి ఉంటారు.

ఏ ప్రతి కొనాలి

పుస్తకం తెరవగానే చూడాల్సింది అనువాదకుడి పేరు. అది లేని చవక ప్రతిని కొనకండి. సంక్షిప్తమో, పాత అనువాదానికి కొత్త అట్ట వేసిందో తెలియదు, వ్యాసంలో ఉటంకించడానికీ పనికిరాదు.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవి ఎక్కువగా కాన్‌స్టన్స్ గార్నెట్ అనువాదాలు. ఆమె 1946లో చనిపోయింది, డెబ్బై దాకా సంపుటాలు అనువదించింది. "అన్నా కరేనినా" 1901లో, "కరమజోవ్ సోదరులు" 1912లో, "నేరము–శిక్ష" 1914లో వచ్చాయి. హాయిగా చదివిస్తుంది. ఆ హాయిలోనే చిక్కుంది. దొస్తోయెవ్‌స్కీ గతుకుల వాక్యం, టాల్‌స్టాయ్ పట్టుబట్టి మళ్లీమళ్లీ వాడే మాట రెండూ ఆమె చేతిలో నునుపుదేలిపోతాయని నబొకోవ్, కవి బ్రాడ్‌స్కీ ఇద్దరూ విసుక్కున్నారు. కథ తెలుసుకోవడానికి గార్నెట్ చాలు. శైలి గురించి వాదించడానికి చాలదు.

టాల్‌స్టాయ్‌కి మాడ్ దంపతుల అనువాదాలు మంచి ఎంపిక. రచయితను స్వయంగా ఎరిగినవాళ్లు. అయితే "యుద్ధము–శాంతి"లో దొరలు మాట్లాడే ఫ్రెంచిని వాళ్లు చాలావరకు ఇంగ్లిష్‌లోకి మార్చేశారు. 2007లో వచ్చిన పెవియర్, వొలొఖోన్‌స్కీ అనువాదం ఫ్రెంచిని అలాగే ఉంచి అడుగున అర్థం ఇస్తుంది. నెపోలియన్‌తో యుద్ధం ముంచుకొస్తుంటే పీటర్స్‌బర్గ్ విందులో అతని భాషలోనే కబుర్లు చెప్పుకోవడం నవలలో ముఖ్యమైన సంగతి కాబట్టి, దాని మీద రాయదలిస్తే ఈ ప్రతి కావాలి.

మూలపాఠం ఏదన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బుల్గాకోవ్ "మాస్టర్ అండ్ మార్గరీటా" 1966–67లో మాస్కో పత్రికలో కోతలతో అచ్చయింది. మిర్రా గిన్స్‌బర్గ్ 1967 నాటి అనువాదం ఆ కోతలు పడ్డ పాఠం నుంచి చేసింది. అదే ఏడాది వచ్చిన గ్లెన్నీ అనువాదంలో ఆ కోతలు లేవు. ఇద్దరు విద్యార్థులు ఇద్దరివీ చదువుకుని వస్తే క్లాసులో ఒకరు చూపించే పేరా రెండోవారి పుస్తకంలో ఉండదు. దొస్తోయెవ్‌స్కీ నవల ఒకటి ఇంగ్లిష్‌లో "ద పొసెస్డ్", "ద డెవిల్స్", "డీమన్స్" అని మూడు పేర్లతో దొరుకుతుంది, మూడూ ఒకటే. అందులో స్తవ్రోగిన్ తన పాపం ఒప్పుకునే అధ్యాయాన్ని పత్రికా సంపాదకుడు అచ్చు వేయనన్నాడు. అది 1922లో గానీ బయటికి రాలేదు. కొన్ని ప్రతుల్లో అది చివర అనుబంధంగా ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కొనేముందు విషయసూచిక చూసుకోండి.

కవిత్వానికి ఒక అనువాదం ఎప్పుడూ చాలదు. పుష్కిన్ "యెవ్గేనీ అనేగిన్"కి ప్రాసలు నిలబెట్టిన జేమ్స్ ఫాలెన్‌ని చదివి, నబొకోవ్ 1964 నాటి నాలుగు సంపుటాల ప్రతిని వ్యాఖ్యానం కోసం దగ్గర పెట్టుకోండి. నబొకోవ్ అనువాదాన్నే కావ్యంలా చదవబోతే రెండో సర్గ దాటరు.

తెలుగు ప్రతులకూ చోటుంది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు వేసి విశాలాంధ్ర దుకాణాల్లో అమ్మిన పుస్తకాలు పాత పుస్తకాల షాపుల్లో, జిల్లా గ్రంథాలయాల్లో ఇంకా కనిపిస్తాయి. ఉప్పల లక్ష్మణరావు లాంటివారు మాస్కోలోనే ఉండి అనువదించారు. తెలుగులో ఉన్న పుస్తకమైతే ముందు తెలుగులో చదివేయండి, మనుషులూ బంధుత్వాలూ బుర్రకెక్కుతాయి. తర్వాత ఇంగ్లిష్ ప్రతి రెట్టింపు వేగంతో సాగుతుంది. కానీ చాలా తెలుగు అనువాదాలు ఇంగ్లిష్ మీదుగా వచ్చినవి, కొన్ని సంక్షిప్తాలు. లోపలి పేజీలో ఏ భాష నుంచో రాశారేమో చూడండి. వ్యాసంలో ఉటంకింపులు మాత్రం క్లాసులో చెప్పిన ప్రతి నుంచే.

పేర్ల పని మొదటి రోజే తేల్చుకోండి

సగంమంది నవల వదిలేసేది పేర్ల దగ్గరే. ఒక మనిషికి సొంత పేరు, తండ్రి పేరు నుంచి వచ్చేది, ఇంటిపేరు అని మూడు భాగాలు. "నేరము–శిక్ష" నాయకుడు రోడియన్ రొమానొవిచ్ రస్కోల్నికోవ్ అంటే రొమాన్ కొడుకు రోడియన్. అతని చెల్లెలు అవ్దోత్యా రొమానొవ్నా. ఆడవాళ్ల ఇంటిపేరు చివర మారుతుంది కాబట్టి కరేనిన్ భార్య కరేనినా. పైగా ముద్దుపేర్లు: రోడియన్ ఇంట్లో రోద్యా, అవ్దోత్యా దూన్యా, ద్మిత్రీ మీత్యా, అలెక్సేయ్ అల్యోషా, అలెక్సాండర్ సాషా.

ఒక అట్టముక్క మీద మనిషికో వరస గీసి నాలుగు గళ్లు పెట్టండి: పూర్తి పేరు, ముద్దుపేర్లు, బంధుత్వం, మొదట కనిపించిన అధ్యాయం. మొదటి 60 పేజీల దాకా నింపితే చాలు. తర్వాత ఐదో గడి కలపండి: ఎవరు ఎవరిని ఏ రూపంలో పిలుస్తున్నారు. సొంత పేరూ తండ్రి పేరూ కలిపి పిలిస్తే మన "గారు" లాంటి మర్యాద. ఒక్క సన్నివేశంలో పిలుపు మారిందంటే సంబంధం మారిందన్నమాట. అనువాదంలో కూడా చెక్కుచెదరకుండా మిగిలే సాక్ష్యాల్లో ఇదొకటి, వ్యాసానికి బాగా పనికొస్తుంది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఇంగ్లిష్ పాఠకుడికి లేని వెసులుబాటు ఉంది. రష్యన్‌లో నువ్వు, మీరు తేడా మనలాగే ఉంది; ఇంగ్లిష్ అనువాదం రెంటినీ ఒకటే చేసేస్తుంది. "అన్నా కరేనినా" మూడో భాగం, 14వ అధ్యాయంలో భార్య తన ప్రేమ సంగతి చెప్పేశాక కరేనిన్ ఆమెకు ఉత్తరం రాస్తాడు, ఫ్రెంచిలో. ఫ్రెంచిలో "మీరు" అంటే రష్యన్‌లో అన్నంత కొట్టినట్టు ఉండదు కాబట్టి, అని టాల్‌స్టాయే చెబుతాడు. భార్యాభర్తల మధ్య "నువ్వు" ఉన్నట్టుండి "మీరు" అయితే ఎలా ఉంటుందో మీకు ఎవరూ వివరించక్కర్లేదు. ఇంగ్లిష్ ప్రతి చదివేటప్పుడు ఇలాంటి చోట్ల "ఇక్కడ ఏది వాడి ఉంటారు?" అని మార్జిన్‌లో రాసుకుని, రష్యన్ వచ్చిన లెక్చరర్‌ని అడగండి. ఊహించి రాసేయకండి.

చదివే లెక్క

ఇంగ్లిష్‌లో "అన్నా కరేనినా" సుమారు 800 పేజీలు. గంటకు 30 పేజీల చొప్పున 27 గంటలు. మూడు వారాలు ఇస్తే రోజుకు 40 పేజీలు, అంటే గంటన్నర లోపు. ఒక వారాంతంలో లాగించేద్దామనుకుంటే కుదరదు. సెమిస్టర్‌లో ఇలాంటివి రెండు ఉంటే మొదటిదాన్ని సెలవుల్లోనే మొదలుపెట్టండి. ప్రతి అధ్యాయం చివర ఒకే వాక్యం రాయండి. దొస్తోయెవ్‌స్కీ నవలల్లో ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలిసిందో కూడా రాయాలి, లేకపోతే కథ నడక అర్థం కాదు.

హోదాలు, తేదీలు, రూబుళ్లు

పీటర్ ద గ్రేట్ 1722లో ఉద్యోగాలన్నిటినీ 14 మెట్లుగా పేర్చాడు. సివిల్ కొలువులో ఎనిమిదో మెట్టు ఎక్కితే వంశపారంపర్యంగా కులీనుడు. గొగోల్ "ఓవర్‌కోటు"లో అకాకీ అకాకియెవిచ్ తొమ్మిదో మెట్టు వాడు, సరిగ్గా గీతకు ఇవతల. అతని "ముక్కు" కథలో కొవల్యోవ్ ఎనిమిదో మెట్టు వాడు, అందుకే సైన్యంలో దానికి సాటి అయిన మేజర్ అని తనను తాను పిలుచుకుంటాడు. గొగోల్ హాస్యంలో సగం ఈ పట్టిక తెలిస్తే గానీ నవ్వించదు. ఒక పేజీలో అచ్చు తీసి నోటుపుస్తకంలో అంటించుకోండి. ఆ గీత తర్వాత పైకి జరిగింది, 1845లో ఐదో మెట్టుకి, 1856లో నాలుగుకి. నవల ఏ ఏడాదిలో జరుగుతోందో చూసుకోవాలి.

తేదీల్లో రెండు పంచాంగాలు. 1918 ఫిబ్రవరి దాకా రష్యా పాత జూలియన్ లెక్కలో ఉంది. 19వ శతాబ్దంలో యూరప్ కన్నా 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనక. దొస్తోయెవ్‌స్కీని కాల్చి చంపుతామని నిలబెట్టి చివరి నిమిషంలో ఆపింది పాత లెక్కలో 1849 డిసెంబర్ 22, కొత్త లెక్కలో 1850 జనవరి 3. రెండు పుస్తకాల్లో రెండు ఏళ్లు కనిపిస్తే ఒకటి తప్పని కొట్టేయకండి. వ్యాసం మొదట్లోనే ఏ లెక్క వాడుతున్నారో ఒక్క మాట చెప్పి చివరిదాకా అదే పాటించండి.

కొలతలకు ఇవి చాలు: వెర్‌స్త్ అంటే కిలోమీటరుకు కాస్త ఎక్కువ, అర్షీన్ 71 సెంటీమీటర్లు, పూద్ 16 కిలోల పైచిలుకు, దెస్యాతీనా ఒక హెక్టారుకు కాస్త ఎక్కువ, అంటే రెండున్నర ఎకరాల పైన.

డబ్బు మీద ఎక్కువ సమయం పెట్టండి. మాటలు అనువాదంలో మారతాయి, అంకెలు మారవు. రస్కోల్నికోవ్ తల్లి పింఛను ఏడాదికి 120 రూబుళ్లు. అతను తండ్రి గడియారం తాకట్టు పెట్టబోతే వడ్డీవ్యాపారి ముసలావిడ రూబుల్‌న్నర ఇస్తానంటుంది. నెలకు రూబుల్‌కి పది కోపెక్కుల వడ్డీ (కోపెక్కు అంటే రూబుల్‌లో నూరో వంతు). మన లెక్కలో పది రూపాయల వడ్డీ, అదీ ముందే కోసుకుని. పాత బాకీ రెండు రూబుళ్ల మీద వడ్డీ కూడా పట్టుకోగా చేతిలో పడేది రూబుల్ పదిహేను కోపెక్కులు. ఈ లెక్క వేసి చూపిస్తే అతని పేదరికం గురించి రెండు పేజీల విశేషణాలు అక్కర్లేదు. స్థలం కూడా అంతే: అతని గది నుంచి ఆమె ఇంటికి 730 అంగలని నవలలోనే ఉంది. పీటర్స్‌బర్గ్ పటం తీసి సెన్నాయా సంత చుట్టూ గుర్తులు పెట్టుకోండి. నబొకోవ్ అన్నా ప్రయాణించిన రైలు పెట్టె లోపలి అమరికను బొమ్మ గీసి చూపించేవాడు. అదీ పద్ధతి.

వ్యాసం రాయడం

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఇంగ్లిష్ సాహిత్యం క్లాసులో నేర్చుకున్న అలవాటుతో ఒక పేరా తీసుకుని "రచయిత ఈ మాటను మూడుసార్లు వాడాడు, ఈ వాక్యంలో శబ్దం ఇలా ఉంది" అని విశ్లేషించేస్తారు. ఆ మాట ఎంచుకున్నది అనువాదకుడు. మూలంలో మూడుసార్లు మూడు వేరు మాటలు ఉండవచ్చు. ఒకే మాట ఆరుసార్లు ఉన్నా అనువాదకుడు విసుగు కలగకుండా మార్చి ఉండవచ్చు. దిద్దేవారికి రష్యన్ వచ్చు కాబట్టి ఇది వెంటనే పట్టుబడుతుంది.

భాష లేకుండా గట్టిగా నిలబెట్టగల వాదనలు వేరే ఉన్నాయి. అధ్యాయాల వరస, కథ చెప్పేవాడికి ఎంత తెలుసు, కాలం ఎక్కడ పరుగెత్తి ఎక్కడ ఆగుతుంది, డబ్బు, హోదా, ఇల్లు, ప్రయాణం, చట్టం. పత్రికలో ధారావాహికగా రావడం వల్ల నిర్మాణం ఎలా మారిందన్నది మరొకటి: "నేరము–శిక్ష", "అన్నా కరేనినా", "కరమజోవ్ సోదరులు" మూడూ ఒకే పత్రికలో, "రష్యన్ మెసెంజర్"లో వచ్చాయి. గొగోల్ "మృత జీవులు" మీద రాసేవారు రెండు జనగణనల మధ్య చనిపోయిన బానిసరైతులకు కూడా యజమాని పన్ను కట్టాల్సి వచ్చేదన్న నిబంధన నుంచి మొదలుపెడితే కథంతా దానంతటదే విప్పుకుంటుంది.

ఒక మాట మీద వాదన చేయక తప్పకపోతే ఇలా చేయండి. 150–200 మాటల పేరా ఒకటి తీసుకుని మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టండి. మూడూ ఒకేలా ఉన్నచోట పునాది కాస్త గట్టిది. వేరైన చోటు గుర్తు పెట్టి, రష్యన్ వచ్చిన విమర్శకులెవరైనా ఆ చోటు గురించి రాశారేమో వెతకండి. దొరికితే వారి పేరు మీద చెప్పండి. దొరకకపోతే ఆ వాదన వదిలేయండి.

మొదటి ఫుట్‌నోట్‌లోనే ఏ అనువాదం మీద ఆధారపడ్డారో రాయండి. ఉటంకింపు కింద పేజీతో పాటు భాగం, అధ్యాయం అంకె ఇస్తే ఏ ప్రతి పట్టుకున్నవారైనా చూసుకోగలరు. "రష్యన్ ఆత్మ అంటే ఇంతే" అనే వాక్యం ఎక్కడ వచ్చినా కొట్టేయండి, అది కారణం చెప్పదు. గొగోల్ పుట్టింది ఉక్రెయిన్ పొల్తావా ప్రాంతంలో. మన తాతల తరం ఇష్టంగా చదివిన ఐత్మాతోవ్ కిర్గిజ్. "రష్యన్ రచయిత" అనాలో "రష్యన్‌లో రాసిన రచయిత" అనాలో ప్రతిసారీ ఆలోచించి రాయాలి. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక శాఖల్లో ఈ ప్రశ్న బలంగా అడుగుతున్నారు.

విమర్శ గ్రంథాల కోసం కేటలాగులో వెతికేటప్పుడు ఒకే పేరును రెండు మూడు స్పెల్లింగులతో వెతకండి. దొస్తోయెవ్‌స్కీ పేరు చివర వై ఒక చోట, రెండు ఐలు మరో చోట ఉంటాయి. ఒక్కదానితో వెతికితే సగం వ్యాసాలు కనిపించవు. మిర్‌స్కీ రష్యన్ సాహిత్య చరిత్ర నేరుగా ఇంగ్లిష్‌లోనే రాసింది, పాతదైనా మొదటి పటంగా బాగుంటుంది. దొస్తోయెవ్‌స్కీకి జోసెఫ్ ఫ్రాంక్ ఐదు సంపుటాల జీవితచరిత్ర ఉంది. మొత్తం చదవక్కర్లేదు, మీ నవల ఉన్న సంపుటం చాలు.

సినిమా సంగతి క్లుప్తంగా: మాస్‌ఫిల్మ్ సంస్థ తన యూట్యూబ్ చానల్లో ఎన్నో సినిమాలను ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో పెట్టింది. బొందర్‌చుక్ తీసిన "యుద్ధము–శాంతి" నాలుగు భాగాలు, ఏడు గంటల పైనే. నవల చదివాక చూడండి. ముందు చూస్తే నవలలోని చరిత్ర చర్చలన్నీ అడ్డుగా అనిపించి దాటేస్తారు, పరీక్షలో అడిగేది వాటి మీదే.

థీసిస్ అంశం, భాష తప్పని చోటు

ఎంఏ స్థాయిలో అనువాదమే పరిశోధన వస్తువైన అంశం ఎంచుకోండి, అప్పుడు భాష రాకపోవడం లోటుగా మిగలదు. తెలుగువారికి ఇంత మంచి గని మరొకటి లేదు. గోర్కీ "అమ్మ"ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. "సోవియట్ భూమి" పత్రిక తెలుగులో ఇళ్లకు వచ్చేది. ఏ పుస్తకాలు ఎంచుకున్నారు, ముందుమాటలు ఏం చెప్పాయి, ఏ ప్రతి ఇంగ్లిష్ మీదుగా వచ్చింది, ఏ రచయిత ఎవరిని చదివి ఏం రాశాడు అన్న ప్రశ్నలకు ఆధారాలు మాస్కోలో కన్నా విజయవాడ, హైదరాబాద్ గ్రంథాలయాల్లో ఎక్కువ. అంశం మరీ విస్తరించకుండా ఒక ప్రచురణాలయం, ఒక దశాబ్దం, పది పుస్తకాలు అని గిరి గీసుకోండి. పుస్తకం లోపల అచ్చయిన ధర, ప్రతుల సంఖ్య, ముద్రణ సంవత్సరం, గ్రంథాలయం ముద్ర తేదీ నాలుగూ ఫొటో తీసి పెట్టుకోండి. ప్రతి అట్ట ఊడి మొదటి పేజీలు పోయాక ఆ వివరాలు ఇంకెక్కడా దొరకవు.

పీహెచ్‌డీ సంగతి వేరు. అమెరికా స్లావిక్ శాఖల్లో రష్యన్ బాగా రాకుండా సీటు దాదాపు రాదు. తులనాత్మక సాహిత్య శాఖలు కూడా మూలభాష అడుగుతాయి. కవిత్వం మీద, ప్లతోనోవ్, జోష్చెంకో లాంటి వాక్యమే ప్రాణమైన రచయితల మీద పని చేయాలన్నా భాష తప్పదు. ఆ ఆలోచన కాస్త ఉన్నా డిగ్రీ రెండో ఏడాదిలోనే తరగతిలో చేరండి. లేదనుకున్నా 33 అక్షరాలు మాత్రం నేర్చుకోండి, వారం రోజుల పని. పుస్తకం పేరు, రచయిత పేరు, ఊరు, సంవత్సరం చదవగలిగితే చాలు: కేటలాగులో మూలప్రతిని గుర్తుపట్టవచ్చు, మీ అనువాదంలో ఎన్ని అధ్యాయాలు తక్కువున్నాయో దానితో పోల్చి లెక్కపెట్టుకోవచ్చు. 1918 సంస్కరణకు ముందు అచ్చయిన ప్రతుల్లో ఇప్పుడు వాడని అక్షరాలు కొన్ని అదనంగా కనిపిస్తాయి, వాటిని చూసి తప్పు చదువుతున్నామని కంగారు పడకండి.